మామ్మగారికి ముందున్న ఐదొందల మంది

ఉద్యోగం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు నా మీద ఎంత నమ్మకముండేదంటే, ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి "కాస్త మెల్లగా అమ్మా" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదనుకోండి. ఇప్పుడు నేను రాసిన ప్రోగ్రాము మొదటిసారే సరిగ్గా నడిస్తే భయం వేస్తుంది, ఎక్కడో ఏదో తగలడి ఉంటుందని మళ్ళీ మొదటినుంచీ చూస్తాను. అప్పుడు అలా కాదు. రాసేశాను కాబట్టి నడుస్తుంది, నడుస్తుంది కాబట్టి నేను గొప్పదాన్ని, అంతే. ఈ పదిహేనేళ్ళలో నాలో ఏం మారిందని ఎవరైనా అడిగితే నడుము నొప్పి వచ్చింది, ఆ నమ్మకం పోయింది అని చెబుతాను. నడుము నొప్పి ఎప్పుడు మొదలైందో సరిగ్గా గుర్తులేదు గానీ నమ్మకం పోయిన రోజు మాత్రం బాగా గుర్తుంది. గుడివాడలో ఒక శుక్రవారం, పొద్దున్న పదకొండింటికి పోయింది.

మాది బందరు (కాగితాల మీద మచిలీపట్నం). ఉద్యోగం గుడివాడలో, ఎరువుల కొట్టు పైన మూడు కంప్యూటర్లున్న చిన్న ఆఫీసు. రోజూ పొద్దున్నే బస్సెక్కి పామర్రులో దిగి, అక్కడ ఇంకో బస్సెక్కి, ఎరువుల వాసనలో మెట్లెక్కేసరికి సగం ప్రాణం పోయేది. మా యజమానిని మేమంతా వెనకాల ముహూర్తం సారు అనేవాళ్ళం. ఆయన చెడ్డవాడు కాదు. క్యాలెండరు చూడకుండా మౌసు కూడా కదిపేవాడు కాదు, అదొక్కటే. వర్జ్యంలో ఎవరైనా కొత్త ఫైలు తెరిస్తే మొహం అదోలా పెట్టి బయటికెళ్ళి నిలబడేవాడు. నాకు మూడు నెలల ట్రయలు అన్నాడు. ఆ మూడు నెలలూ పూర్తయ్యే వారంలోనే ఎముకల డాక్టరు గారి పని వచ్చింది.

ఆ డాక్టరు గారు గుడివాడకి మంగళవారం, శుక్రవారం మాత్రమే వచ్చేవారు. మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళిపోయేవారు. కాబట్టి ఆ రెండు రోజులూ కైకలూరు నుంచీ, దివిసీమ నుంచీ జనం మొదటి బస్సుకే దిగి, ఆసుపత్రి గేటు ముందు వరసలో చెప్పులు విడిచి, టిఫిన్లకి వెళ్ళేవాళ్ళు. మనుషుల బదులు చెప్పులు క్యూలో నిలబడేవి. ఎవరి చెప్పు ఎవరి ముందుందో కాంపౌండరు బాబాయికి తెలుసు. ఆయన ఇరవై ఏళ్ళుగా ఆ గుమ్మంలో నిలబడి, ఊరిపేరూ దెబ్బా కలిపి "ఘంటసాల చేతిగారూ, రండి", "పెడన మోకాలూ, మీరే" అని పిలిచేవాడు. ఒక్కసారి కూడా వరస తప్పలేదట. డాక్టరు గారికి మాత్రం ఈ చెప్పులు చూస్తే చిన్నతనంగా ఉండేది. నంబర్లు కావాలి, గోడకి బోర్డు కావాలి, పిలిచే గొంతు కావాలి అన్నారు. మా సారు సరేనన్నాడు. సారు సరేనన్నాక చెయ్యాల్సింది నేనే.

పని వినడానికి పెద్దదిగా ఉంది గానీ, అసలు కీలకం నాలుగు వరసల ప్రోగ్రాము. డాక్టరు గారి బల్ల మీద ఒక బుల్లి కీప్యాడు ఉంటుంది. పన్నెండో నంబరు కావాలంటే ఆయన ఒకటి నొక్కి, రెండు నొక్కి, పిలుపు బొత్తాం నొక్కుతారు. ఆ ఒకటీ ఆ రెండూ విడివిడిగా వచ్చి కంప్యూటర్లో ఒక వరసలో కూర్చుంటాయి. వాటిని ఒకే సంఖ్యగా చెయ్యాలి. అప్పటిదాకా ఉన్నదాన్ని పదితో హెచ్చవేసి కొత్త అంకె కలుపుకుంటూ పోతే చాలు. ఒకటి పదవుతుంది, దానికి రెండు చేరితే పన్నెండవుతుంది. మూడో క్లాసు పిల్లలకి వచ్చే లెక్క. నేను కుర్చీలో కూర్చుని, అంకెలు ప్రోగ్రాములోనే నేను రాసిచ్చి పదిసార్లు పరీక్షించాను. పదిసార్లూ సరిగ్గానే వచ్చింది. ఇక గొంతు. స్టూడియోకి వెళ్ళే స్తోమత లేదు కాబట్టి నా గొంతే. ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా చదివాను. వందలు కూడా చదవమన్నాడు సారు. "చిన్నగా ఆలోచించకమ్మా, రేపు డాక్టరు గారి దగ్గరికి వెయ్యి మంది రావచ్చు" అన్నాడు. ఆ వందలు చదవకుండా ఉంటే ఈ కథే లేదు.

బిగించడానికి గురువారం వెళ్ళాం. బోర్డు తగిలించారు, స్పీకరు పెట్టారు, కీప్యాడు కలిపాను. ఒకసారి నొక్కి చూద్దామని చెయ్యి చాపితే సారు నా చెయ్యి పక్కకి తీసేశాడు.

"ఏంటమ్మాయ్, రేపు తొమ్మిదీ పదికి డాక్టరు గారి చేత్తో బోణీ. ముందే నువ్వు నొక్కితే ఇంకేముంది?"

"ఒక్కసారి సార్, పనిచేస్తుందో లేదో."

"నువ్వు చూశావు గదా ఆఫీసులో. అదే ఇదీ."

అదీ ఇదీ ఒకటి కాదని అప్పుడు నాకూ తెలియదు. దేవుడికి పెట్టకుండా రుచి చూసినట్టు అవుతుందేమోనని నేనూ ఊరుకున్నాను. మా ఇంట్లో కూడా కొత్త మిక్సీకి ముందు పసుపు రాసి ఆ తర్వాతే ప్లగ్గు పెట్టేవాళ్ళు. ఇన్ని ఉద్యోగాలు మారాను గానీ, మడి కోసం పరీక్ష మానేసిన ప్రాజెక్టు అదొక్కటే చూశాను.

శుక్రవారం నేను తొమ్మిదికల్లా అక్కడుండాలి. పామర్రు దాకా సమయానికే వచ్చాను. అక్కడ గుడివాడ బస్సు కదలగానే రోడ్డు మీద ధాన్యం ట్రాక్టర్లు వరస కట్టాయి. కోతలు ముమ్మరంగా జరుగుతున్న రోజులు. ఒక ట్రాక్టరు చక్రం ఊడి అడ్డంగా పడితే, డ్రైవరు ఇంజను ఆపేసి దిగిపోయాడు. రెండు గంటలు అక్కడే. ఆసుపత్రి మెట్లెక్కేసరికి పదకొండయ్యింది. లోపలికి అడుగు పెట్టగానే నా గొంతే నన్ను పలకరించింది. తీయగా, నిదానంగా, ఒక్క అక్షరం తడబడకుండా.

"నంబరు ఐదు వందల యాభై. దయచేసి లోపలికి రండి."

ఆ రోజు పంచింది మొత్తం ముప్పై ఒక్క టోకెన్లు.

హాలు నిండా జనం ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. కట్టుకట్టిన కాళ్ళు ఎదుటి కుర్చీల మీద పెట్టుకుని కొందరు నిద్రపోతున్నారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు, ఆశ్చర్యం లేదు. నా పక్కనున్న నడుంపట్టీ పెద్దాయన్ని అడిగాను.

"ఏమండీ, ఎవరూ వెళ్ళట్లేదేంటండీ?"

"మన నంబర్లు ఇంకా రాలేదండీ. నాది ఏడు."

"ఏడా? మరి ఇప్పుడు పిలుస్తున్నవి?"

"అవి ఫోన్లో బుక్ చేసుకున్నవాళ్ళవండీ. పొద్దున్నే నలభై తొమ్మిదితో మొదలెట్టారు. యాభై ఏడు దాకా పిలిచి, అక్కణ్ణుంచి ఐదొందల ముప్పై ఎనిమిదికి వెళ్ళిపోయారు. బెజవాడ వాళ్ళూ, బందరు వాళ్ళూ అయ్యుంటారు. వెనక తలుపు నుంచి వెళ్తున్నారు లెండి. వాళ్ళయ్యాక మనవి."

"మీరు చూశారా, వెనక నుంచి వెళ్ళడం?"

"చూడ్డానికేముంది అండీ, ఎక్కడైనా అంతే గదా" అని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

నేను డాక్టరు గారి గదిలోకి పరిగెత్తాను. ఏసీ గది, తలుపు వేస్తే బయటి మాట లోపలికి వినపడదు. ఆయన ఒక్కరే కూర్చుని పేపరు రెండోసారి చదువుతున్నారు.

"రామ్మా. ఇవాళ జిల్లాలో ఎవరికీ ఎముకలు విరగలేదా? ఇరవై రెండో నంబరు దాకా పిలిచాను. ఒక్కడూ రాలేదు. మిషను పెట్టాక జనం మానేశారు."

బయట ముప్పై మంది ఆయన కోసం, లోపల ఆయన ఆ ముప్పై మంది కోసం, రెండు గంటలుగా ఎదురుచూస్తున్నారు. మధ్యలో ఒక తలుపు, నా గొంతు. మా సారు సంగతి అడిగితే, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, గంట వాయిస్తూ మొదటి నంబరు పిలిపించి (ఆ గంట మోతలో ఏ నంబరు పలికిందో ఆయనకి వినపడలేదు), వర్జ్యం వచ్చేలోగా వెళ్ళిపోయాడట. కాంపౌండరు బాబాయి గేటు దగ్గర స్టూలు మీద టీ తాగుతూ కనిపించాడు. "మీరైనా చెప్పచ్చు గదా బాబాయ్" అంటే, "మిషను వచ్చింది గదమ్మా, ఇంక నేను పిలవక్కర్లేదన్నారు. పిలవట్లేదు" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఆయన కీప్యాడు మీద మళ్ళీ రెండు, రెండు నొక్కడం చూశాక నా తప్పు అర్థమైంది. ఒకటి అని నొక్కితే కీప్యాడు కంప్యూటరుకి పంపేది ఒకటి అనే విలువని కాదు, ఒకటి అనే అక్షరాన్ని. అక్షరాలన్నిటికీ కంప్యూటరు దగ్గర ఒక్కో గుర్తు సంఖ్య ఉంటుంది. సున్నాకి నలభై ఎనిమిది, ఒకటికి నలభై తొమ్మిది, అలా తొమ్మిదికి యాభై ఏడు. వచ్చిన ప్రతిదానిలోంచీ నలభై ఎనిమిది తీసేస్తేనే అసలు అంకె మిగులుతుంది. నేను తియ్యలేదు. ఆఫీసులో అంకెలు నేనే విలువలుగా ఇచ్చాను కాబట్టి తియ్యాల్సిన అవసరమే రాలేదు. ఇక్కడ పన్నెండు నొక్కితే నలభై తొమ్మిదిని పదితో హెచ్చవేసి, దానికి యాభై కలిపి, నా ప్రోగ్రాము ఎంతో వినయంగా ఐదు వందల నలభై అని పిలిచింది. ఇంకా ఘోరమేమిటంటే పది దాటాక నంబర్లు ఒక్కొక్కటే పెరుగుతూ పోయాయి, నిజం నంబర్లలాగే. పిచ్చి పిచ్చిగా ఎగిరి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేదేమో.

ఒక్క వరస దిద్దాను. ఈసారి ఎవరినీ అడక్కుండా నేనే ఒకటి నొక్కాను. బయట "నంబరు ఒకటి" అని వినపడగానే హాలంతా కుర్చీల చప్పుడైంది. "అయిపోయారండీ ఫోనువాళ్ళు" అని ఎవరో అన్నారు. నాకు సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు. వరసగా పదకొండు మంది వెళ్ళొచ్చారు. పన్నెండు అని పిలిస్తే ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ లేదు.

"ఆ మామ్మగారు వెళ్ళిపోయారమ్మా, అవనిగడ్డ బస్సుకి. ఇందాకే" అంది పదమూడో నంబరావిడ. "ఐదొందల నలభై అని విన్నాక ఇంకాసేపు చూసి లేచారు. ఇవాళ్టికి నా వంతు రాదులే అన్నారు."

డాక్టరు గారు ఫైలు చూసి కళ్ళజోడు తీసేశారు. నాగాయలంక మామ్మగారు, ఎడమ మణికట్టు. "పోయిన వారం ఎక్స్‌రేలో ఎముక జరిగింది. ఇవాళ సరిచేస్తానని చెప్పాను. మంగళవారం దాకా ఆగితే వంకరగానే అతుక్కుంటుంది. అప్పుడిక నేను చేసేదేమీ లేదు. ఇక జడ వేసుకోడానికి కూడా ఆ చెయ్యి రాదు ఆవిడకి." నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది. ఫైల్లో ఉన్న నంబరుకి ఫోను చేశాం. కోడలు ఎత్తి, "అత్తయ్యగారు గుడివాడ ఆసుపత్రికి వెళ్ళారండీ, మీరెవరు?" అని మమ్మల్నే అడిగింది.

ఉద్యోగం సంగతి అప్పుడు గుర్తు రాలేదు, నిజంగానే చెబుతున్నాను. ఆ చెయ్యి ఒక్కటే గుర్తొచ్చింది. కాంపౌండరు బాబాయి టీ గ్లాసు పక్కన పెట్టి, "ఎక్కమ్మాయ్. అవనిగడ్డ బస్సు ఇప్పుడే కదిలుంటది, పామర్రులో పావుగంట ఆగుద్ది" అని మోపెడ్ తీశాడు. ఆ మోపెడ్ వేగం గురించి చెప్పుకోకపోతేనే మంచిది. దారిలో ఒక సైకిలు మమ్మల్ని దాటింది. కానీ పొద్దున్న నన్ను ఆపేసిన ట్రాక్టర్ల వరస పామర్రు వెళ్ళే వైపు ఇంకా తెగలేదు, బస్సు దాని వెనక చిక్కుకుంది. మేం సందుల్లోంచి దూరిపోయి పామర్రు సెంటరులో బస్సుకంటే ముందే నిలబడ్డాం.

బస్సు ఆగగానే ఎక్కాను. కిటికీ పక్కన, చున్నీ ముక్కతో చెయ్యి మెడకి కట్టుకుని, ఒళ్ళో సంచీతో మామ్మగారు. ఇంతుంటారు మనిషి.

"మామ్మగారూ, దిగండి. డాక్టరు గారు మీ కోసం చూస్తున్నారు."

"నా కోసం ఎందుకు చూస్తాడు తల్లీ. అంతమందిని పెట్టుకుని."

"ఎంతమందీ లేరండీ. తర్వాత మీరే."

"నాది పన్నెండమ్మా. వాళ్ళు ఐదొందల నలభై పిలుస్తున్నారు. అంతమందిని దాటి నేను లోపలికి దూరితే ఊరుకుంటారా? తప్పు గదూ."

"వాళ్ళెవరూ లేరండీ. మిషను తప్పు పిలిచింది."

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "మిషను కాదు. ఒక పిల్ల పిలిచింది. చక్కగా పిలిచింది."

"ఆ పిల్లని నేనేనండీ."

నన్ను పైనుంచి కింద దాకా చూసింది. దుమ్ము కొట్టుకుపోయిన మొహం, చెదిరిన జుట్టు, ఆయాసం. "నువ్వు కాదులే. ఆ పిల్ల గొంతు వేరు" అంది. కండక్టరు బస్సు తియ్యాలన్నాడు. వెనక సీట్లవాళ్ళు ఏంటని అడిగితే, పక్క సీటాయన ఐదొందల నలభై మంది ఉన్నారట అని వాళ్ళకి చెప్పాడు. వాళ్ళు అయ్యో అన్నారు. బస్సంతా మామ్మగారి పక్షమే. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే గొంతు ఇంకా మారిపోతుందని మింగేసుకున్నాను. నిటారుగా నిలబడి, సీటు కడ్డీ పట్టుకుని, మూసిన కిటికీల గదిలో చదివినట్టే, తీయగా, నిదానంగా అన్నాను.

"నంబరు పన్నెండు. దయచేసి లోపలికి రండి."

బస్సులో అందరూ నవ్వారు. మామ్మగారు నవ్వలేదు. "ఇదిగో, వస్తున్నా" అని సంచీ తీసుకుని లేచి నిలబడింది.

వెనక్కి ఆటోలో తీసుకొచ్చాం. బాబాయి ముందు మోపెడ్ మీద, ఆటోకి దారి చేస్తున్నట్టు. డాక్టరు గారు ఒంటిగంట దాటినా కూర్చునే ఉన్నారు. చెయ్యి సరిచేసి, మళ్ళీ ఎక్స్‌రే తీసి, ఎముక చోటుకి వచ్చిందని ఆయన తలుపు తీసి నాకు చెప్పేసరికి రెండైంది. అప్పుడు మాత్రం నా వైపు చూశారు. తిట్టలేదు. తిడతారని సిద్ధం చేసుకున్న జవాబులన్నీ వృథా అయ్యాయి. మా సారు సాయంత్రం ఫోను చేసి బోణీ ఎలా జరిగిందని అడిగితే బాగా జరిగిందన్నాను. సోమవారం నుంచి నన్ను పర్మినెంటు చేశాడు. మంచి ముహూర్తం వల్లే అన్నాడు.

అదంతా తర్వాత. అప్పుడు రెండింటికి, మామ్మగారు తెల్లటి కొత్త పిండికట్టుతో బయటికొచ్చి హాల్లో కూర్చుంది. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆయా నేల తుడుస్తోంది. ఆవిడ అటూ ఇటూ చూసింది.

"వాళ్ళేరమ్మా?"

"ఎవరండీ?"

"నా ముందున్నోళ్ళు. ఐదొందల మంది. నన్ను మధ్యలోంచి తీసుకొచ్చేశావు. వాళ్ళల్లో నాకంటే నొప్పి ఎక్కువున్నోళ్ళు ఉంటారు గదా. చూపించుకోకుండా వెళ్ళిపోయారా ఏంటి?"

నోరు తెరిచాను. అక్షరాలూ, గుర్తు సంఖ్యలూ, తియ్యాల్సిన నలభై ఎనిమిదీ, అన్నీ నాలిక చివరకొచ్చాయి. ఆవిడ మొహం చూశాక ఏదీ బయటికి రాలేదు.

"అందరికీ చూపించేశామండీ" అన్నాను.

"అందరికీనా?"

"అందరికీ. ఒక్కరూ మిగల్లేదు."

"హమ్మయ్య" అంది మామ్మగారు, వెనక్కి వాలి. పొద్దున్నుంచీ ఏమీ తినలేదట. అప్పుడు సంచీలోంచి అరటిపండు తీసి, ఒక్క చేత్తో ఒలవలేక, ఒలిచిపెట్టమని నాకిచ్చింది.

ఇప్పుడు నేను జీతం తీసుకునేదే ఇలాంటి తప్పులు ఎందుకు జరిగాయో కంపెనీ పెద్దవాళ్ళకి విడమర్చి చెప్పినందుకు. కారణం, పరిష్కారం, ఇకముందు జరగకుండా తీసుకునే జాగ్రత్తలు, అన్నీ రాసిస్తాను. తప్పులు లెక్కలేనన్ని చూశాను. ఆ తప్పుల్లోంచి పుట్టిన, అసలు లేని మనుషులు ఏమయ్యారని మాత్రం ఇంతవరకూ ఇంకెవరూ అడగలేదు. ఇవాళ్టి నేనైతే ఆవిడకి నిజం చెప్పేదాన్నేమో, బొమ్మ గీసి మరీ. ఇరవై రెండేళ్ళ పిల్ల కాబట్టి, కన్నార్పకుండా అబద్ధం చెప్పి, పక్కన కూర్చుని అరటిపండు ఒలిచింది. ఆ పిల్ల రాసిన ప్రోగ్రాముల్లో దిద్దక్కర్లేనిది ఒక్కటీ లేదు గానీ, ఆ మాటని మాత్రం ఎన్నిసార్లు చూసుకున్నా ఎక్కడా దిద్దబుద్ధి కాదు.